బిల్లు రాలేదు, వడ్డీ వచ్చింది

మొన్న ఆదివారం మా ఆడపడుచు కొడుకు ఫోన్ చేశాడు. ఈ మధ్యే గవర్నమెంటు పనులకు క్లాస్-5 కాంట్రాక్టర్‌గా రిజిస్టర్ చేయించుకుని డ్రెయిన్ పని ఒకటి పట్టాడు. పలకరింపులు కూడా లేవు.

"అత్తా, బిల్లు పెట్టి నెల కావస్తోంది. పైసా రాలేదు. ఆడిటరేమో 20వ తేదీలోపు జీఎస్టీ కట్టమంటున్నాడు, లేకపోతే వడ్డీ అంట. రాని డబ్బు మీద పన్నేంటి, వడ్డీ ఏంటి? డబ్బు గవర్నమెంటు దగ్గరే కదా ఉంది!"

"ట్యాక్స్ ఇన్వాయిస్ రాసిచ్చావా?" అని అడిగాను.

"ఇచ్చాను. పని చూసే ఇంజినీరు, ఏఈ గారు అడిగారు."

"అయితే కట్టాలి."

అవతల కాసేపు మాట లేదు. 2019లో మా ఆడిటర్ గారు ఇదే మాట అన్నప్పుడు నేనూ ఇలాగే నోరు తెరుచుకుని ఉండిపోయాను. అందుకే వాడికి ఫోన్‌లో సగం చెప్పి, మిగతాది ఇక్కడ రాస్తున్నాను. వాడిలాంటి వాళ్లు ఇంకా ఉంటారు.

మా ఆయన క్లాస్-3 కాంట్రాక్టర్. సీసీ రోడ్లు, డ్రెయిన్లు, అప్పుడప్పుడు ఒక ప్రహరీ గోడ. లెక్కలు నావి. బీకాం చదివానన్న ధైర్యంతో మొదలుపెట్టాను, ఆ చదువు ఇందులో ఎందుకూ పనికిరాలేదనుకోండి. మా మామయ్యగారు కూడా ఇదే పని చేసేవారు. ఆయన రోజుల్లో, అంటే వ్యాట్ కాలంలో, పన్ను గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకున్న గుర్తు లేదు. కాంపోజిషన్ (మొత్తం బిల్లు మీద ఒకే శాతం కట్టే పద్ధతి) కింద నాలుగో ఐదో శాతం, పని ఇచ్చిన శాఖ వాళ్లే బిల్లులో కోసుకుని మిగతాది చేతికిచ్చేవారు. డబ్బు వచ్చిన రోజే పన్ను పోయేది. బిల్లు ఆలస్యమైతే పన్నూ ఆలస్యమయ్యేది, ఆ రెండింటికీ ముడి ఉండేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ ముడి విడిపోయింది. అది మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

2018 చివర్లో ఒక సీసీ రోడ్డు పని చేశాం. ఫిబ్రవరిలో పార్ట్ బిల్లు తయారైంది. పని విలువ 18,40,000. అప్పట్లో మా పనికి పడే రేటు 12 శాతం, అంటే జీఎస్టీ 2,20,800. ఏఈ గారు ఎంబీ (పని కొలతల పుస్తకం) రికార్డు చేసి, చెక్ మెజర్‌మెంట్ (పై అధికారి కొలతలు సరిచూడటం) అయ్యాక ఫోన్ చేశారు.

"మేడమ్, ట్యాక్స్ ఇన్వాయిస్ జతచేసి పంపండి, అది లేకపోతే బిల్లు పైకి పోదు."

2019 ఫిబ్రవరి 28. డైనింగ్ టేబుల్ మీద కూర్చుని ఇన్వాయిస్ టైపు చేసి, ప్రింటు తీసి, స్టాంపు వేసి, మా ఆయన చేత సంతకం పెట్టించాను. స్టాంపు వంకరగా పడిందని ఇంకో కాపీ కూడా తీశాను. తేదీ గడిలో ఏ ఆలోచనా లేకుండా ఆ రోజు తేదీ కొట్టేశాను. నా తప్పు అక్కడే జరిగిపోయింది, తెలిసింది మాత్రం ఏడాది తర్వాత.

మార్చి 10న ఎన్నికల కోడ్ వచ్చింది. తర్వాత ఎన్నికలు, తర్వాత కొత్త బడ్జెట్. బిల్లుకి టోకెన్ నంబరు ఒకటి పడింది, అంతకుమించి కదలలేదు. ఈలోగా మార్చి 20 వచ్చేసింది. ఫిబ్రవరి నెల 3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్, వేయాల్సిన ఆఖరు రోజు అది. సిమెంటు, ఇనుము, కంకర మీద మేం కట్టిన పన్ను 1,31,500 జీఎస్టీ పోర్టల్‌లో మా క్రెడిట్ లెడ్జర్‌లో ఉంది, దాన్ని మా పన్నులో తగ్గించుకోవచ్చు. అది పోను చేతి నుంచి కట్టాల్సింది 89,300. పెద్ద మొత్తమేం కాదంటారా? జనవరిలోనే చిట్టీ పాడి సిమెంటు షాపు బాకీ తీర్చేశాం. షాపు వాళ్లకి 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఆ బిల్లు మీద తీసుకున్న ఐటీసీని (ఇందాకటి క్రెడిట్‌నే అలా అంటారు) వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఆ రూలు ఆడిటర్ గారు ముందే చెప్పి భయపెట్టారు. (మరి మాకు 180 రోజుల్లో ఇవ్వని శాఖకి? ఏమీ కాదు. వాళ్లు ఐటీసీ తీసుకోరు కాబట్టి వెనక్కి కట్టేదీ ఉండదు.) మిగిలింది మేస్త్రీకీ కూలీలకూ పోయింది. ఖాతాలో ఉన్నది 11 వేలు.

"ఉన్న క్రెడిట్ వాడి, ఆ 11 వేలు కట్టి రిటర్న్ వేసేద్దాం, మిగతాది తర్వాత" అన్నాను. పోర్టల్ ఒప్పుకోలేదు. మొత్తం పన్ను కడితేనే 3బీ ఫైలవుతుంది. సగం కడతానంటే సున్నా కట్టినట్టే. ఒక నెల 3బీ ఆగితే తర్వాతి నెలదీ వేయనివ్వదు. మార్చి నుంచి మాకు అమ్మకమే లేదు, అన్నీ నిల్ రిటర్న్‌లే, అయినా ఫిబ్రవరి ఒక్కటి గొంతులో ముల్లులా అడ్డుపడి వరసగా ఏడు రిటర్న్‌లు ఆగిపోయాయి. ఆరు నెలలు దాటేసరికి రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు కూడా వచ్చింది. లేట్ ఫీజు లెక్క వేరే.

అక్టోబర్ మొదట్లో ఆడిటర్ గారు పిలిచారు. "అమ్మా, అక్టోబర్ 20 దాటిందంటే 2018-19 ఐటీసీ తీసుకోవడానికి గడువైపోతుంది. అప్పుడు 89 వేలు కాదు, రెండు లక్షల ఇరవై వేలూ చేతి నుంచే కట్టాలి. ఏదో ఒకటి చేయండి."

ఏదో ఒకటి అంటే ఆడవాళ్లకి తెలుసు కదా. గాజులు రెండు జతలు తీసి సంచిలో పెట్టాను. ఆ రోజు అక్టోబర్ 4, శుక్రవారం. మా అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు. "శుక్రవారం పూట, అదీ దసరా రోజుల్లో, బంగారం గడప దాటిస్తారా?" ఆవిడ మాట తీసేయలేక శనివారం వెళ్లాం. బ్యాంకులో తూకం, సంతకాలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. తర్వాత ఆదివారం, ఆపైన పండగ. ఆడిటర్ గారి ఆఫీసు దసరా మర్నాడు తెరిచారు. అక్టోబర్ 9న పన్ను కట్టి రిటర్న్ వేశాం. ఇప్పుడు లెక్కేస్తే ఆ 89,300 మీద వడ్డీ రోజుకు 44 రూపాయలు. శుక్రవారం పట్టింపు మాకు 220 రూపాయలకు పడింది. ఆవిడకి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు.

ఆ రోజు 3బీలో వడ్డీ గడిని నేను ఖాళీగా వదిలేశాను. ఇప్పుడైతే ఆలస్యంగా వేస్తే సిస్టమే లెక్కకట్టి చూపిస్తుంది కానీ అప్పట్లో మనమే నింపుకోవాలి. అడిగినప్పుడు చూద్దాం, ఈలోగా బిల్లు వస్తుంది కదా అనుకున్నాను.

2020 ఫిబ్రవరి చివర్లో అడిగారు. దేశమంతా ఆ నెలలోనే అడిగారు, మా ఒక్కళ్లనే కాదు. ఆలస్యంగా వేసిన రిటర్న్‌ల మీద దాదాపు 46 వేల కోట్ల వడ్డీ వసూలు కావాలని కేంద్ర పన్నుల బోర్డు కింది ఆఫీసులకు రాసింది. మాకు వచ్చిన కాగితంలో ఉన్న అంకె 22,104. నేను వేసుకున్న లెక్కలో 8,940. రెండూ 18 శాతమే, రెండూ 203 రోజులే. తేడా ఎక్కడంటే, వాళ్లు 2,20,800 మీద వేశారు, నేను 89,300 మీద వేశాను.

ఇక్కడ కొంచెం ఆగుతాను. వాడు ఫోన్‌లో అస్సలు వినకుండా దాటేసింది ఇదే.

లక్షా ముప్పై ఒక్క వేలు అప్పటికే మా షాపుల వాళ్ల ద్వారా ఖజానాకి చేరిపోయింది. మరి దాని మీద మళ్లీ మేం వడ్డీ ఎందుకు కట్టాలి? దీనికి తెలంగాణ హైకోర్టు 2019 ఏప్రిల్‌లో, మేఘా ఇంజినీరింగ్ కేసులో, కట్టాల్సిందేనని చెప్పింది. కోర్టు తర్కం ఇది: ఐటీసీ అనేది రిటర్న్ వేసి వాడుకున్నప్పుడే పన్ను కట్టినట్టవుతుంది, అప్పటిదాకా అది లెడ్జర్‌లో ఉన్నా కట్టనట్టే. చదివితే తప్పు పట్టలేం, ఒంటికి మాత్రం పట్టదు. మా సర్కిల్ అధికారి ఆ తీర్పు ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టుకున్నారు. మా ఆడిటర్ గారు 2020 జనవరిలో మద్రాస్ హైకోర్టు రెఫెక్స్ ఇండస్ట్రీస్ కేసులో ఇచ్చిన తీర్పు పట్టుకెళ్లారు. అందులో నగదుగా కట్టాల్సిన దాని మీదే వడ్డీ అని ఉంది. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చదువుకున్నారు. ఎవరి మాట మీద వాళ్లున్నారు. నాకు మాత్రం టీ ఇప్పించారు.

మేం 8,940 డీఆర్‌సీ-03లో (మనంతట మనం కట్టే ఫారం అది) కట్టేసి, మిగతాది కట్టనవసరం లేదని జవాబు రాసిచ్చాం. నెల తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చింది. నికర నగదు (క్రెడిట్ పోను చేతి నుంచి కట్టేది) మీదే వడ్డీ అన్న సవరణ 2019లోనే చట్టంలో రాశారు గానీ అమల్లోకి తెచ్చింది 2020 సెప్టెంబర్ 1 నుంచి. అంటే పాతవాళ్లకి వర్తించదన్నమాట, ఆ కొన్ని నెలలూ మాకు టెన్షనే. చివరికి 2021 ఆర్థిక చట్టంలో దాన్ని 2017 జూలై 1 నుంచే వర్తించేలా మార్చారు. మా నోటీసు అలా ముగిసింది. ఒక్క మెలిక మాత్రం మిగిలింది, గుర్తుపెట్టుకోండి. పన్ను కట్టలేదని అధికారులు జీఎస్టీ చట్టం సెక్షన్ 73 కిందో 74 కిందో, ఇప్పుడైతే 74ఏ కిందో చర్య మొదలుపెట్టాక ఆ నెల రిటర్న్ వేస్తే ఈ వెసులుబాటు ఉండదు, మొత్తం మీద వడ్డీ పడుతుంది. కాబట్టి అప్పు చేసైనా సరే, నోటీసు కంటే ముందు రిటర్న్ పడాలి.

మా ఆయనకి ఈ గొడవంతా పట్టలేదు. ఆయన ప్రశ్న ఒక్కటే. "మనకి రావాల్సిన దాంట్లోంచి కోసుకోమను. వాళ్లే ఇవ్వాలి, వాళ్లే తీసుకోవాలి, మధ్యలో మనకెందుకు?" న్యాయంగా చూస్తే ఆయనదే రైటు. చట్టం మాత్రం పని చేయించుకున్న శాఖనీ పన్ను వసూలు చేసే శాఖనీ ఒక్క మనిషిగా చూడదు. పని ఇచ్చినవాడు ఎవరైనా సరే, సరఫరా చేసినవాడే పన్ను కట్టాలి. బిల్లు రాలేదన్నది వడ్డీ మాఫీకి కారణం కాదు. వడ్డీ గురించి చెప్పే సెక్షన్ 50లో 'తనంతట తానే' కట్టాలన్న మాట ఉంటుంది, అంటే నోటీసు రాకపోయినా వడ్డీ మన నెత్తినే ఉంటుంది. రిటర్న్‌లో మనమే చూపించిన పన్ను కాబట్టి వాయిదాల మీద కడతామన్నా కుదరదు, సెక్షన్ 80 దాన్ని మినహాయించింది. మొన్న 2024లో పాత సంవత్సరాల వడ్డీ, పెనాల్టీ మాఫీ చేస్తూ సెక్షన్ 128ఏ తెచ్చినప్పుడు మాకు తెలిసిన కాంట్రాక్టర్లు చాలామంది ఆశపడ్డారు. దానికీ, రిటర్న్ ఆలస్యంగా వేసినందుకు పడే వడ్డీకీ సంబంధం లేదని సర్క్యులర్‌లో తేల్చేశారు.

బిల్లు వచ్చింది చివరికి. 2021 డిసెంబర్ 17న. పొద్దున్నే మెసేజ్ చూసి మా ఆయన పళ్లు తోముకుంటూనే అరిచారు. అందులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే పట్టుకునే పన్ను), 36,800, కోసుకుని మా క్యాష్ లెడ్జర్‌లో, అంటే పోర్టల్‌లోని మా నగదు ఖాతాలో వేశారు. అది చూసి నాకు నవ్వొచ్చింది. ఆ డబ్బే 2019 మార్చిలో లెడ్జర్‌లో ఉంటే గాజుల్లో ఒక జత ఇంట్లోనే ఉండేది.

ఆ రాత్రి ఊరికే ఒక లెక్క వేశాను. ఫిబ్రవరి 28 నుంచి 1,023 రోజులు. వాళ్లు మా మీద వేసిన 18 శాతమే, పన్ను కలపకుండా ఒక్క పని విలువ మీద వేస్తే 9,28,267 రూపాయలు. మేం కట్టింది 8,940. మా అగ్రిమెంటులో ఆలస్యమైన చెల్లింపులకు వడ్డీ అడగకూడదని ఒక క్లాజు ఉంది, సంతకం మాదే. చిన్న సంస్థలకు ఆలస్యం మీద వడ్డీ ఇప్పించే చట్టం ఉంది కదా అని అడిగాను. వర్క్స్ కాంట్రాక్టులకు అది వర్తించదని కొన్ని హైకోర్టులు చెప్పాయన్నారు ఆడిటర్ గారు. నోట్‌బుక్ వెనక పేజీలో ఆ అంకె చూసి మా ఆయన, "ఇది ఎవరికి చూపిస్తావ్?" అన్నారు. ఎవరికి చూపిస్తాను, ఇదిగో ఇక్కడ రాసుకున్నాను.

ఇప్పుడు తేదీ సంగతి. వడ్డీ బిల్లు నుంచి పుట్టదు, తేదీ నుంచి పుడుతుంది. మూడు నెలలు దాటే కాంట్రాక్టు, మధ్యమధ్యలో చెల్లింపులు ఉన్నది, చట్టం భాషలో 'నిరంతర సేవ'. దానికి ఇన్వాయిస్ ఎప్పుడు రాయాలో సెక్షన్ 31(5) చెబుతుంది. అగ్రిమెంటులో ఫలానా రోజు డబ్బిస్తామని ఉంటే ఆ రోజులోపు. అలాంటి రోజేదీ లేకపోతే డబ్బు చేతికొచ్చినప్పుడు. ఒక దశ పూర్తయితే ఇస్తామని ఉంటే ఆ దశ పూర్తయ్యేలోపు. మా అగ్రిమెంటులో ఉన్నది, నిధుల లభ్యతను బట్టి చెల్లిస్తాం, అంతే. నేను ఆ రోజు తొందరపడి ట్యాక్స్ ఇన్వాయిస్ రాయకపోతే, డబ్బు వచ్చినప్పుడే పన్ను అని వాదించడానికి మాకు చోటుండేది. నా చేత్తో నేనే తేదీ వేసి ఇచ్చాక ఇక వాదించేదేముంది, ఇన్వాయిస్ తేదీయే పన్ను తేదీ.

అవతలి వాదన కూడా ఉంది, దాచను. చెక్ మెజర్‌మెంట్ అయిపోవడమే 'దశ పూర్తవడం' అని ఆఫీసు అనొచ్చు. అందుకే ప్రతి అగ్రిమెంటులో చెల్లింపుల క్లాజు చదవాలి, ఎదుటివాడి అగ్రిమెంటు చూసి మనం చేయకూడదు. 2024 జూన్‌లో హైవేల హ్యామ్ కాంట్రాక్టుల (ఖర్చులో కొంత పని జరుగుతుండగా, మిగతాది తర్వాత ఏళ్లపాటు వాయిదాల్లో ప్రభుత్వం ఇచ్చే పద్ధతి) గురించి సర్క్యులర్ ఇచ్చినప్పుడు ఇదే 31(5) ఆధారంగా, ఇన్వాయిస్ లేదా చెల్లింపు ఏది ముందైతే అప్పుడు పన్ను అన్నారు. అక్కడా ఒక షరతుంది. అగ్రిమెంటు ప్రకారం డబ్బు రావాల్సిన తేదీకి ఇన్వాయిస్ రాయకపోతే ఆ తేదీయే లెక్క. వేల కోట్ల పనులవాళ్లకి స్పష్టంగా రాసిచ్చారు, మా రోడ్డు వాళ్లం దాన్ని చూసి మా సంగతి ఊహించుకుంటున్నాం.

2019 తర్వాత నేను బిల్లుతో ప్రొఫార్మా ఇన్వాయిస్ (అసలు ట్యాక్స్ ఇన్వాయిస్ కాదు, నంబరు లేని నమూనా) మాత్రమే పంపుతున్నాను. కొన్ని ఆఫీసుల్లో తీసుకుంటారు. ఒకచోట మాత్రం, "ఇదేంటి మేడమ్, నంబరు లేదు?" అని వెనక్కి పంపారు. రెండుసార్లు తిరిగి, ఉత్తరం రాసిచ్చి ఒప్పించాను. అక్కడి క్లర్క్ ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు.

మా వాడికి మొదటి బిల్లు విషయంలో చేసేదేమీ లేదు, ఇన్వాయిస్ ఇచ్చేశాడు. ఉన్నంత డబ్బు 20వ తేదీలోపు క్యాష్ లెడ్జర్‌లో వేసి కదపకుండా ఉంచమన్నాను. 2024 జూలైలో రూలు మార్చారు. గడువు రోజుకి లెడ్జర్‌లో ఉండి, రిటర్న్ వేసేదాకా అక్కడే ఉన్న సొమ్ము మీద వడ్డీ పడదు. మా రోజుల్లో ఇది ఉంటే ఆ 11 వేలైనా పనికొచ్చేవి. మిగతాదానికి బావగారిని అడగమన్నాను, గాజుల జోలికి మాత్రం వెళ్లొద్దన్నాను.

రెండో పార్ట్ బిల్లు వచ్చే వారం ఎంబీ రికార్డవుతుందట. ఇన్వాయిస్ మీద చెయ్యి పెట్టకుండా ముందు అగ్రిమెంటులో చెల్లింపుల పేజీ పంపమన్నాను. రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ట్యూబ్‌లైటు వెలుగు సరిగ్గా ఆ క్లాజు మీదే పడి తెల్లగా కనిపిస్తోంది. పొద్దున వెలుతురులో మళ్లీ తీసి పంపమన్నాను.